మాట వినిపించని వంటశాల

అనగా అనగా, అన్నం వాసనతో తెల్లవారే పట్టణం ఒకటి ఉండేదట. దాని పేరు కుందనపురి. పట్టణం పక్కనే ఏరు. ఏటికి ఆవల కొండ, కొండ మీద దేవుడు. ఏటికి ఈవల రాజుగారి అన్నసత్రం. కొండ ఎక్కబోయేవాళ్లూ, దిగి వచ్చినవాళ్లూ ఆ సత్రంలో విస్తరి ముందు కూర్చోకుండా వెళ్లేవాళ్లు కారు. ఆకలితో ఎవరూ తన ఏరు దాటకూడదని రాజు చంద్రధ్వజుడి తాతగారు కట్టించిన సత్రం అది.

ఆ సత్రం వంటశాలకు మాట వినిపించని వంటశాల అని పేరు. మామూలుగా వంటశాల అంటే ఎలా ఉంటుంది? ఉప్పు ఏదని ఒకరు, మంట తగ్గించమని ఒకరు, నా గరిటె ఎవరు తీశారని ఇంకొకరు. సంతలో ఉన్నట్టే ఉంటుంది. ఇక్కడ మాత్రం తెల్లవారి గాడిపొయ్యి అంటుకున్నది మొదలు, మధ్యాహ్నం చివరి బంతి లేచేదాకా, ఒక్క మాట వినిపించదు. వంటవాళ్లందరూ ముక్కూ నోరూ కప్పుతూ తెల్లగుడ్డ కట్టుకుంటారు. దాన్ని నోటిగుడ్డ అంటారు. కొండకు వెళ్లేవాడు దేవుడి చుట్టం, అతను తినే అన్నం మీద మన ఉమ్మి తుంపర పడకూడదు అని ఆ ఏర్పాటు. గుడ్డ కట్టాక చేతి సైగలే. ఎవరైనా నోరు విప్పితే ఆ పూటే గుమ్మం దాటిస్తారు. ఆ తరువాత పట్టణంలో ఏ పొయ్యి దగ్గరికీ వాళ్లను రానివ్వరు.

పొరుగు రాజ్యాల వాళ్లు పనిగట్టుకుని వచ్చి కిటికీలోంచి చూసి పోయేవాళ్లు. అంతమంది మనుషులు, అంత వంట, తెడ్డు తిరిగే చప్పుడూ కట్టె పేలిన చప్పుడూ తప్ప ఇంకేమీ లేదు. చూసినవాళ్లు ఊపిరి బిగబట్టేవాళ్లు. రాజుగారికి అది గర్వం. రాజుగారికన్నా ఎక్కువ గర్వం పెద్దవంటవాడు వల్లభయ్యకు.

వల్లభయ్య చెడ్డవాడు కాడు. ఆ సంగతి ఇప్పుడే చెప్పుకోవాలి, లేకపోతే ముందు ముందు ఆయన మీద ఉత్తపుణ్యానికి కోపం వస్తుంది. ఎసరు మరిగే చప్పుడు విని బియ్యం పాతవో కొత్తవో చెప్పగలడు. దూరం నుంచే పులుసు రంగు చూసి బెల్లం ఎంత పడిందో చెప్పగలడు. బిచ్చగాడికీ సామంతరాజుకీ ఒకే గంగాళంలోంచి వడ్డించేవాడు. అయితే ఆయనకు ఒక నమ్మకం ఉండేది. తాను చెయ్యెత్తితే ఏం కావాలో అందరికీ తెలిసిపోవాలి. తెలియలేదంటే చూసినవాళ్ల తప్పు. తనకు ఒకరు వచ్చి చెప్పవలసినది ఏదైనా ఉంటుందని ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

ఆ వంటశాలలోకి నాంచారి వచ్చింది.

ఏటి మీద పడవ నడిపేవాళ్ల అమ్మాయి ఆమె. వంట ఎవరూ నేర్పలేదు. రేవులో తాడు కట్టి కూర్చుని, గాలి మోసుకొచ్చే వాసనలను బట్టి సత్రంలో ఏ పూట ఏ కూరో చెప్పేది. ఇంట్లో చారు నోట పెట్టుకోగానే ధనియాలు మాడాయనేది. మేనత్తలు నవ్వేవాళ్లు. పడవవాళ్ల పిల్లవి, ఏట్లో తాలింపు పెడతావటే అని ఏడిపించేవాళ్లు. ఏడిపించనీ అని ఊరుకునేది. ఏళ్ల తరబడి సత్రం పెరటిగుమ్మం దగ్గర నిలబడి బతిమాలితే, చివరికి గిన్నెలు తోమడానికి తీసుకున్నారు. తరువాత చింతపండు నానవేయడం, కూరగాయలు తరగడం. ఏనాటికైనా తెడ్డు పట్టుకుని గాడిపొయ్యి ముందు నిలబడాలని ఆమె కోరిక. ఇంకో కోరిక లేదు. ఆ గుమ్మం ఒకసారి దాటిస్తే ఆమెకు ఇంకే గుమ్మమూ లేదు. అందుకని గుడ్డ కట్టుకున్నాక నాలుక ఉన్న సంగతే మరిచిపోయినట్టు ఉండేది.

ఒకనాడు పప్పు పొయ్యి మీద ఉంది. ఒక వంటవాడు ఉప్పు వేసి కట్టెలకు వెళ్లాడు. వల్లభయ్య వచ్చి రుచి చూసి, సరిపోయిందని తల ఊపి అవతలి పొయ్యికి నడిచాడు. ఇంతలో ఇంకొకడు వచ్చి, ఇంకా ఉప్పు పడలేదనుకుని తన చేతి నిండా వేశాడు. తోటకూర తరుగుతూ నాంచారి రెండు చేతులూ చూసింది. చూసి కత్తిపీట వైపు తల వంచుకుంది. బంతిలో కూర్చున్న ముసలి యాత్రికుడు ఒక ముద్ద నోట పెట్టుకుని, ఏరు దాటాననుకున్నానే, సముద్రం దాకా వచ్చేశానా అని పక్కవాడిని అడిగాడట. బంతి బంతంతా నవ్వింది. వల్లభయ్య నవ్వలేదు. గుడ్డలు విప్పాక అందరినీ నిలబెట్టి, కళ్లు తెరుచుకుని పని చేయండి అన్నాడు. నాంచారి కళ్లు తెరిచే ఉన్నాయి. అదే ఆమె బాధ. అయినా ఉప్పే కదా, పోయిందేముంది అనుకుంది.

రెండోసారి పోయింది ఉప్పు కాదు.

అన్నం పొయ్యి దగ్గర పనిచేసే బుచ్చమ్మ నాంచారికి వరసకు ఏమీ కాదు. అయినా నాంచారి ఆమెను అత్తా అని పిలిచేది. నోటిగుడ్డ ముడి జారకుండా ఎలా కట్టుకోవాలో నేర్పింది ఆమే. చివరి బంతి లేచాక పెరట్లో కూర్చుని, పొద్దుటి నుంచి దాచిపెట్టిన కబుర్లన్నీ ఒక్కసారే వొలకబోసేది. ఆ రోజు బుచ్చమ్మ వంగుని నేల తుడుస్తోంది. వెనక నుంచి ఇద్దరు మనుషులు పొగలు కక్కే గంజి గుండిగ మోసుకొస్తున్నారు. వాళ్లకు ఆవిరిలో ఎదురేమీ కనపడటం లేదు. నాంచారికి అంతా కనపడుతోంది. వెనక అన్న ఒక్క మాట చాలు. ఆ మాట పెదవి దాకా వచ్చింది. గుడ్డకు తగిలి ఆగిపోయింది. నాంచారి చెయ్యి ఊపింది. వంగుని నేలను చూస్తున్న మనిషికి చెయ్యి ఎలా కనపడుతుంది?

బుచ్చమ్మ లేచి ఒక్క అడుగు వెనక్కు వేసింది. గంజి మోచేతి నుంచి వేళ్ల దాకా జారింది.

అప్పుడు కూడా బుచ్చమ్మ అరవలేదు. గుడ్డను పళ్ల మధ్య బిగించి నేల మీద కూలబడింది. కిటికీ దగ్గర నిలబడి చూస్తున్న పొరుగూరి పెద్దలు, ఆహా, ఏం కట్టుబాటు అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు రాజుగారి కొలువు దాకా వెళ్లింది.

సాయంత్రం నాంచారి బుచ్చమ్మ ఇంటికి వెళ్లి మంచం పక్కన కూర్చుంది. చేతికి తేనె రాసి అరటాకు చుట్టి ఉంది.

"నువ్వు చూశావుటే?" అంది బుచ్చమ్మ.

"చూశానత్తా."

బుచ్చమ్మ గోడ వైపు తిరిగింది. తిట్టలేదు. "పోనీలే. నీ చోట నేనున్నా అంతే చేసేదాన్ని," అంది.

తిట్టి ఉంటే నాంచారి ఏడ్చి ఊరుకునేదేమో. ఆ మాట మాత్రం ఆమెను వదల్లేదు.

వర్షాలు వెనకబట్టాయి. కొండ మీది దేవుడికి కల్యాణం వచ్చింది. నాలుగు దిక్కుల నుంచీ జనం బయలుదేరారు. సత్రంలో ఉన్న పాత్రలన్నీ అటకల మీంచి దింపారు. కల్యాణానికి ముందు రోజు నాంచారి పెద్ద పులుసు గంగాళం తోముతోంది. ఒక చెవి వంగిన రాగి గంగాళం అది. బూడిద కడిగేసరికి అడుగున అరచెయ్యి మేర ఎర్రగా మెరిసింది. లోపలి కళాయి అరిగిపోయి రాగి బయటపడింది.

పిల్లలకు తెలియకపోవచ్చు గానీ వంటశాలలో ఇది తెలియనివారు లేరు. రాగిపాత్రకు లోపల తగరంతో పూత పూస్తారు. దాన్ని కళాయి అంటారు. కళాయి ఉన్నంతకాలం పాత్ర బంగారం. కళాయి పోయిన రాగిలో చింతపండు పులుసు కాగిందా, రాగి చిలుము అందులోకి దిగుతుంది. తిన్నవాళ్లు వాంతులతో మంచం పడతారు. ముసలివాళ్లూ పసివాళ్లూ అయితే లేవకనూ పోవచ్చు. వల్లభయ్యకు తెలుసు, ఆయన తరువాతి వంటవాడు సింగన్నకు తెలుసు, కట్టెలు మోసేవాడికి కూడా తెలుసు.

పాత్రల బాధ్యత సింగన్నది. నాంచారి ఆయన్ని గంగాళం దగ్గరికి పిలిచి, అడుగున వేలు పెట్టి చూపించింది. వద్దని చెయ్యి అడ్డంగా ఊపింది. సింగన్న వంగి చూశాడు. ఆయనకు అర్థమైంది. సరేనని తల ఊపాడు. నాంచారికి గుండె బరువు దిగింది. చూసింది చెప్పాను, ఇక నాది కాదు అనుకుని ఇంటికి వెళ్లి హాయిగా నిద్రపోయింది.

సింగన్న కూడా గుడ్డలు విప్పాక వల్లభయ్యకు చెప్పాలనే వెళ్లాడు. వెళ్లేసరికి ఆ పెద్దమనిషి బెల్లం తక్కువ పంపారని సరుకుల కోఠీవాళ్ల మీద మండిపడుతున్నాడు. ఇప్పుడు గంగాళం ఒకటి పనికిరాదంటే నా మీద పడతాడు, కాస్త చల్లబడనీ అనుకున్నాడు సింగన్న. చల్లబడ్డాక అరిటాకులు వచ్చాయి. ఆకుల తరువాత నెయ్యి వచ్చింది. మంచి సమయం కోసం చూస్తూ చూస్తూ, చెప్పవలసిన మాటను ఆయన ఇంటికి మోసుకుపోయాడు.

కల్యాణం నాడు నాంచారి తోటకూర కడిగి లోపలికి వచ్చేసరికి, ఒక చెవి వంగిన ఆ గంగాళం గాడిపొయ్యి మీద ఉంది. నిండా పులుసు. చాలాసేపటి నుంచి కుతకుత ఉడుకుతోంది. బయట తాటాకు పందిళ్ల కింద జనం అప్పటికే వరసలుగా కూర్చున్నారు. విస్తళ్ల మీద నీళ్లు చల్లుకుంటున్నారు. పసిపిల్లల ఏడుపులు వినిపిస్తున్నాయి.

నాంచారి వల్లభయ్య ముందుకు వెళ్లి నిలబడింది. గంగాళం చూపించి చెయ్యి అడ్డంగా ఊపింది. మంట ఎక్కువైందంటోంది కాబోలు అనుకుని ఆయన వంగి ఒక కట్టె బయటికి లాగాడు.

నాంచారి సింగన్న దగ్గరికి పరుగెత్తి ఉత్తరీయం పట్టుకుని లాగింది. సింగన్న గంగాళం వైపు చూశాడు. ముఖంలో నెత్తురు లేదు. వల్లభయ్య వైపు రెండడుగులు వేశాడు. ఆ వీపు చూసి ఆగిపోయాడు. కిందికి చూస్తూ అలాగే నిలబడ్డాడు.

వడ్డించేవాళ్లు బొక్కెనలు తెచ్చారు. మొదటి బొక్కెన నిండింది.

నాంచారి గుమ్మం వైపు చూసింది. ఏళ్ల తరబడి బతిమాలి దాటిన గుమ్మం. ఆ తరువాత వల్లభయ్యకు ఎదురుగా వెళ్లి నిలబడింది. గుడ్డ తియ్యలేదు. గొంతు పెంచలేదు.

"పెద్దయ్యగారూ, ఈ గంగాళం అడుగున కళాయి పోయింది. నిన్న తోముతూ నా కళ్లతో చూశాను. పులుసు వడ్డించవద్దు. పారబోయించండి," అంది.

తెడ్లు ఆగిపోయాయి. పొయ్యి వెలుగుతుండగా ఆ గోడలు మనిషి గొంతు విని ఎన్నేళ్లయిందో. వల్లభయ్య చెవిన పడింది ఆమె చెప్పిన సంగతి కాదు, ఆమె మాట్లాడిందన్నదే. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. వేలితో గుమ్మం వైపు చూపించాడు.

"వెళ్తానయ్యా. ముందు తెడ్డుతో అడుగు ఒకసారి చూడండి. చూసినాక వెళ్తాను."

అందరి ముందు, ఒక గిన్నెలు తోమే పిల్ల, తన పులుసును అంటోంది. వల్లభయ్య అడుగు చూడలేదు. గరిటె నిండా పులుసు తీశాడు. తన నోటిగుడ్డ కిందికి లాగాడు. అందరూ చూస్తుండగా ఊదుకుంటూ తాగాడు. మళ్లీ ఒక గరిటె తీసి అదీ తాగాడు. మూతి తుడుచుకుని, వడ్డించండని చెయ్యి ఊపి, మళ్లీ గుమ్మం చూపించాడు.

నాంచారి బొక్కెన చెవి పట్టుకుంది. "అన్నా, నీకు దణ్ణం పెడతాను. రెండు నిమిషాలు ఆగు," అని వడ్డించేవాడిని వేడుకుంది. వాడు అటు చూశాడు, ఇటు చూశాడు. బొక్కెన ఎత్తలేక, దించలేక నిలబడ్డాడు.

వల్లభయ్య వచ్చి ఆమె చెయ్యి విడిపించబోయాడు. ఒకసారి లాగాడు. రెండోసారి లాగబోతూ పొట్ట పట్టుకున్నాడు. నుదుట చెమట పట్టింది. స్తంభానికి ఆనుకుని, జారి కూర్చున్నాడు. తాగిందంతా పచ్చగా బయటికి వచ్చింది.

ఇక ఎవరికీ ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. పులుసు పొయ్యి వెనక గోతిలోకి పోయింది. ఖాళీ గంగాళం అడుగున ఎర్రటి మచ్చ అందరికీ కనపడింది. నిన్న అరచెయ్యంత ఉన్నది ఇవాళ ఇంకా పెద్దదైంది.

బంతి ఆలస్యమయ్యేసరికి రాజుగారే వంటశాలకు వచ్చారు. వెంట ధర్మాధికారి ఉన్నాడు. వైద్యుడు వల్లభయ్య చేత పాలూ నెయ్యీ తాగిస్తున్నాడు. ఏం జరిగిందని రాజు అడిగితే ధర్మాధికారి విచారించి చెప్పాడు. ప్రాణాలు దక్కినందుకు సంతోషమే. కాని కట్టుబాటు కట్టుబాటే. ఈ పిల్ల పొయ్యి దగ్గర నోరు విప్పింది. ఇవాళ మంచికి విప్పింది, రేపు ఇంకొకరు కబుర్లకు విప్పుతారు. తాతగారి శాసనం ప్రకారం ఈమెను పంపించవలసిందే అన్నాడు.

రాజు నాంచారి వైపు తిరిగాడు. "తాతగారి శాసనం నీకు తెలియదా అమ్మా?"

"తెలుసు ప్రభూ. నాకు తెలియనిది ఒకటే. ఈ గుడ్డ ఎందుకు కట్టించారో తెలియదు."

"తుంపర పడకుండా."

"మాట్లాడని నోట్లోంచి తుంపర ఎందుకు పడుతుంది ప్రభూ? మాట్లాడకూడదని తాతగారు అనుకుని ఉంటే, పెదవులు మూసుకోమంటే చాలు. వంటశాలలో మాట్లాడక తప్పదని ఆయనకు తెలిసే ఉంటుంది. అన్నం పాడుకాకుండా మాట్లాడుకోమని ఈ గుడ్డ ఇచ్చి ఉంటారు. మౌనం మనమే తెచ్చి కట్టుకున్నామేమో."

రాజు చుట్టూ చూశాడు. అందరి ముఖాల మీదా గుడ్డలున్నాయి. వాటి పైన కళ్లు ఒక్కటే కనపడుతున్నాయి. ఇంత గొప్ప వంటశాల అని తాను ఎందరికి చూపించాడో గుర్తుకొచ్చి ఆయనకు సిగ్గేసింది.

ఈ గంగాళం సంగతి ఈమెకు కాక ఇంకెవరికి తెలుసని అడిగాడు. సింగన్న ముందుకు వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. నాకు తెలుసు ప్రభూ, నిన్ననే తెలుసు, చెప్పడానికి మంచి సమయం కోసం చూశాను అన్నాడు.

"నా తప్పూ ఉంది ప్రభూ," అంది నాంచారి. "సింగన్న తల ఊపాడు. తల ఊపితే మాట చేరిపోయిందనుకున్నాను. చేరాల్సిన చోటికి చేరిందో లేదో సాయంత్రం గుడ్డ విప్పాకైనా అడగలేదు. వెళ్లి పడుకున్నాను."

రాజు పందిళ్లలోకి వెళ్లి, చేతులు జోడించి, ఇవాళ పులుసు లేదు, పచ్చడీ మజ్జిగలతో సరిపెట్టుకోండని యాత్రికులను తానే అడిగాడు. తిరిగి వచ్చి నాంచారితో, వంటశాల వల్లభయ్యది, నిన్ను ఉంచాలో పంపాలో చెప్పవలసింది ఆయనే, ఆయన లేచేదాకా నువ్వు పొయ్యి ముట్టుకోవద్దు అన్నాడు. ధర్మాధికారి సంతోషించాడు. నాంచారి గుమ్మం దాటి పెరట్లోకి నడిచింది.

పెరట్లో బుచ్చమ్మ ఉంది. కాలిన చెయ్యి బరువులెత్తదు గనుక విస్తళ్లు కుడుతోంది. నాంచారి పక్కన కూర్చుని తానూ ఒక ఆకు అందుకుంది.

"ఇన్నాళ్లకు నోరు తెరిచావు. తెరిచి పెరట్లో పడ్డావు," అంది బుచ్చమ్మ.

"నీకోసం తెరవలేకపోయాను కదత్తా."

"సరేలే, పుల్ల సరిగ్గా గుచ్చు. పులుసు కారిపోతుంది," అని బుచ్చమ్మ కళ్లు తుడుచుకుంది.

వల్లభయ్య ప్రాణానికి భయం లేదన్నాడు వైద్యుడు. మంచం దిగడానికి చాలా రోజులు పట్టింది. దిగాక ఆయన నేరుగా వంటశాలకు వచ్చాడు. మనిషి సగమయ్యాడు. అందరూ లేచి నిలబడ్డారు. గుడ్డ కట్టుకున్నాడు. తానే మంట సరిచేసి, తానే పోపు పెట్టి, చిన్న గుండిగలో చారు కాచాడు. గరిటెతో కొంచెం తీసి నాలుక మీద వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఇంకొంచెం వేసుకున్నాడు. అలాగే నిలబడిపోయాడు.

ఆ తరువాత ఆ వంటశాలలో ఎవరూ ఎన్నడూ చూడని పని చేశాడు. నోరు విప్పి అడిగాడు.

వయసులో అందరికన్నా పెద్దవాడైన వంటవాడికి గరిటె అందించి, ఎలా ఉందన్నాడు. అమృతంలా ఉంది పెద్దయ్యగారూ, మీ చేతిలో ఏముందో గాని అన్నాడు ఆయన. గరిటె సింగన్న చేతికి వెళ్లింది. సింగన్న తాగాడు. ఏదో చెప్పబోయాడు. ఇన్నాళ్ల అలవాటు అడ్డొచ్చింది. బాగుంది అన్నాడు. బాగానే ఉంది అని మళ్లీ అన్నాడు.

వల్లభయ్య గరిటె నింపుకుని పెరటి గుమ్మం దాకా నడిచి వచ్చి నాంచారిని పిలిచాడు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి గుమ్మానికి బయటే నిలబడింది. లోపల ఉన్నవాళ్లు ఇటే చూస్తున్నారు. తాను ఉండటమో పోవడమో ఇప్పుడు తేలుతుందని ఆమెకు తెలుసు. బాగుందంటే సరిపోతుందేమో. ముసలి ప్రాణం, జబ్బు పడి లేచింది, సంతోషిస్తాడు. చారు దోసిట్లో పోయించుకుని తాగింది.

"పులుపు ఎక్కువైంది పెద్దయ్యగారూ. మెంతులు మాడాయి," అంది. కొంచెం ఆగి, "పులుపు బెల్లంతో సర్దుకుంటుంది. మాడిన చేదు మాత్రం పోదు. ఇది పారబోసి మళ్లీ కాచాలి," అంది.

వల్లభయ్య ఆమె ముఖంలోకి చూశాడు. ఆ తరువాత నెమ్మదిగా, ఒక్కొక్క మాటే, ఆమె అన్నది తిరిగి అన్నాడు.

"పులుపు ఎక్కువైంది. మెంతులు మాడాయి. పారబోసి మళ్లీ కాచాలి. అంతేనా?"

"అంతే పెద్దయ్యగారూ."

ఆయన వెనక్కు తిరిగాడు. ముందు రుచి చూసిన ఇద్దరూ తలలు దించుకున్నారు. "నాకు రుచి తెలియడం లేదు," అన్నాడు అందరితో. "ఆ రోజు నుంచి ఉప్పూ లేదు, పులుపూ లేదు. వైద్యుడు తిరిగి రాదన్నాడు. ఇప్పుడు మిమ్మల్ని అడిగి తెలుసుకోవాలి. మీ ఇద్దరూ నాకు అబద్ధం చెప్పారు. మీ తప్పు కాదు. నిజం చెబితే గెంటేస్తానని నేర్పింది నేనే."

వల్లభయ్య గుమ్మం అడ్డు తప్పుకుని నాంచారికి దారి ఇచ్చాడు.

"రా అమ్మా. చారు నువ్వు కాచు. ఎలా వచ్చిందో నాకు చెప్పు."

నాంచారి గుమ్మం దాటి లోపలికి వెళ్లి తెడ్డు అందుకుంది.

ఆ రోజు నుంచి ఆ వంటశాలలో గుడ్డ చాటున మాట మొదలైంది. వేడి పాత్ర మోసేవాడు వేడి అని చెబుతూ నడిచేవాడు. దారిలో ఉన్నవాళ్లు తప్పుకున్నామని బదులు చెప్పేవాళ్లు. ఒకరు ఒక పని చెబితే, విన్నవాళ్లు ఆ మాటను తిరిగి చెప్పేవాళ్లు. తల ఊపడం ఎవరూ ఒప్పుకునేవాళ్లు కారు. వల్లభయ్య అసలే ఒప్పుకునేవాడు కాడు. కిటికీ దగ్గరికి వచ్చే పొరుగువాళ్లు మాత్రం రావడం మానేశారు. చూడటానికి ఏముంది, మా ఇళ్లలో ఉన్నట్టే ఉంది అని పెదవి విరిచారట.

కాబట్టి పిల్లలూ, పదిమంది కలిసి చేసే పనిలో కీడు కనపడితే భయపడకుండా, మర్యాదగా, సూటిగా చెప్పాలి, చెప్పిన మాట చేరిందో లేదో చూసుకోవాలి. వినవలసిన పెద్దలు ఆ మాటకు గుమ్మం తెరిచి ఉంచాలి.